దిగేటప్పుడు ఎక్కే నొప్పి

హారిస్‌డేల్‌లో ఎత్తుపల్లాలు కావాలంటే వెతుక్కోవాలి. పెర్త్‌కు దక్షిణాన, ఆర్మడేల్ సిటీ పరిధిలో ఉన్న ఈ పేట స్వాన్ తీర మైదానపు ఇసుక నేల మీద పూర్తి చదునుగా ఉంటుంది. ఇళ్లు ఎక్కువగా ఒకే అంతస్తువి. గరాజ్ నుంచి ఆఫీసు లిఫ్టు దాకా పది మెట్లు దిగే పని పడదు. తూర్పున డార్లింగ్ కొండల వరస ఉంది కానీ సాయంత్రం నడకలు అటు పోవు, పార్కు చుట్టూ తిరిగి ఇంటికొచ్చేస్తాయి. ఇలాంటి కాళ్లను ఒక ఆదివారం తీసుకెళ్లి కింగ్స్ పార్క్ అంచున ఉన్న జేకబ్స్ ల్యాడర్ మీద పెట్టండి. 242 మెట్లు. నాలుగైదు సార్లు ఎక్కి దిగినవాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. సోమవారం తొడల్లో కాస్త బిగుతు. మంగళవారం కుర్చీలో కూర్చోవాలంటే బల్ల పట్టుకోవాలి, లేవాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది. నీళ్లు బాగా తాగు, కాస్త స్ట్రెచింగ్ చెయ్యి, కొట్టుకుపోతుంది."

జిమ్ ట్రైనర్ నుంచి ఊళ్లో పెదనాన్న దాకా అందరూ ఒప్పుకునే వైద్య విషయాలు మనకు చాలా తక్కువ. ఉన్న వాటిలో ఇదొకటి. అదీ తప్పే.

పులిసిన పాల ఆమ్లం మీద మోపిన కేసు

లాక్టిక్ ఆమ్లాన్ని మొదట వేరుచేసింది కండరంలోంచి కాదు. స్వీడన్ రసాయనవేత్త షీలే 1780లో పులిసిన పాల నుంచి తీశాడు. మన పెరుగు పుల్లబడేదీ దానివల్లే. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాలను అలసిపోయేదాకా పనిచేయించి చూస్తే అందులో ఇదే ఆమ్లం పోగైంది. కండరం పనిచేసే తీరు మీద చేసిన పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి ఏ.వి.హిల్, ఒట్టో మేయర్‌హోఫ్‌లకు వచ్చింది. వాళ్ల లెక్కలో కథంతా లాక్టిక్ ఆమ్లం చుట్టూనే తిరిగింది. నోబెల్ ముద్ర పడ్డాక ఇంకేముంది, అలసటా నొప్పీ అన్నీ దాని ఖాతాలోకే వెళ్లిపోయాయి.

కానీ వేళలు చూడండి. గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్ గంట, గంటన్నరలోపే మామూలు మట్టానికి దిగిపోతుంది. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా కాల్చుకుంటాయి, కాలేయం కొంత తీసుకుని గ్లూకోజుగా మారుస్తుంది. నొప్పేమో మర్నాడు మొదలై రెండో రోజో మూడో రోజో తారస్థాయికి చేరుతుంది. దొంగతనం జరిగిన నాటికి ఊళ్లోనే లేనివాడి మీద కేసు పెట్టినట్టుంది వ్యవహారం.

ఆ కేసు 1983లో అమెరికాలో తేలిపోయింది. ష్వేన్, ఆయన సహచరులు కొందరిని ట్రెడ్‌మిల్ మీద రెండు రకాలుగా 45 నిమిషాలు పరిగెత్తించారు. ఒకసారి చదునుగా, ఒకసారి పది శాతం వాలులో కిందికి. చదును పరుగులో లాక్టిక్ ఆమ్లం బాగా పెరిగింది, తర్వాతి రోజుల్లో చెప్పుకోదగ్గ నొప్పి లేదు. వాలు పరుగులో ఆమ్లం పెరగనేలేదు, నొప్పి మాత్రం చంపేసింది.

భీమవరం పిల్లాడు తిరగరాసిన పాఠం

జిమ్‌లో క్రియాటిన్ డబ్బా మూత తీసి చెంచాతో కలుపుకుని తాగే మన కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, కండరంలో ఆ పదార్థం ఏ రూపంలో పనిచేస్తుందో కనిపెట్టినవాళ్లలో ఒకరు తెలుగువారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఒక ద్రావణంలో భాస్వరం ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతిని 1925లో ప్రచురించారు. జీవరసాయన ప్రయోగశాలల్లో దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు.

ఆ కొలత చేతికొచ్చాక కండరాలను పరీక్షిస్తే ఒక చిత్రం బయటపడింది. అప్పటిదాకా మామూలు ఫాస్ఫేట్ అనుకున్న దాంట్లో చాలా భాగం క్రియాటిన్‌తో జతకట్టి ఉంది. కండరం పనిచేస్తే ఆ జత విడిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ కలుస్తుంది. ఇదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు అదే పదార్థం ఆచూకీ పట్టారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీని కూడా వేరుచేశారు, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేశాడు. మరుసటి ఏడు కోపెన్‌హేగన్‌లో లుండ్స్‌గార్డ్ అనే ఆయన, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా అడ్డుపెట్టిన కండరం కూడా ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపూ చక్కగా ముడుచుకుంటోందని చూపించాడు. కండరం కదలడానికి ఆ ఆమ్లం అవసరమే లేదని తేలింది. ఇక్కడ హిల్ పెద్దరికాన్ని మెచ్చుకోవాలి. తన నోబెల్ సిద్ధాంతం కూలిపోతుంటే 1932లో తానే "కండర శరీరధర్మ శాస్త్రంలో విప్లవం" అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు.

సుబ్బారావు తర్వాత బోదకాలు మందు, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ వైపు వెళ్లిపోయారు. మనం ఆయన్ని ఆ మందుల పేరుతోనే గుర్తుపెట్టుకున్నాం, స్కూల్ క్విజ్‌ల్లో ఏటీపీ పేరూ వినిపిస్తుంది. ఆయన చెయ్యి వేసి కూల్చిన లాక్టిక్ ఆమ్లం కథ మాత్రం ఇప్పటికీ తెలుగు జిమ్‌ల్లో తెలుగులోనే నడుస్తోంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అలసటకైనా ఆ ఆమ్లమే కారణమా అంటే అదీ పూర్తిగా కాదు. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయినప్పుడు పోగయ్యే ఫాస్ఫేటే కండరం పట్టు సడలడానికి ముఖ్య కారణం కావచ్చని సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ అలెన్ తన స్వీడన్ సహచరులతో కలిసి 2002లో వాదించాడు. అంటే సుబ్బారావు నీలి రంగుతో కొలిచిన ఆ ఫాస్ఫేటే! 2004లో మెల్‌బోర్న్ లా ట్రోబ్ విశ్వవిద్యాలయం వాళ్లు డెన్మార్క్ శాస్త్రవేత్తలతో కలిసి, పనిచేసే కండరంలో పెరిగిన ఆమ్లత్వం దాని స్పందనను కాపాడుతోందని చూపారు. దొంగ అన్నవాడు కావలివాడు కూడా అయ్యాడు.

మరి నొప్పి ఎక్కణ్ణుంచి?

దిగడం నుంచి. మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం బ్రేకు వేస్తూ, బరువు మోస్తూ, సాగుతుంది. సాగుతూ పనిచేసేటప్పుడు కండరం తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ బలం పుట్టిస్తుంది. ఈ సంగతిని 1952లో లండన్‌లో భలే సరదాగా చూపించారు. రెండు సైకిళ్లను వెనకా వెనకా కలిపి, ఒకే గొలుసు తగిలించారు. ఒకరు ముందుకు తొక్కుతుంటే రెండోవారు ఆపడానికి ప్రయత్నించాలి. మర్డాక్ రిచీ అనే మగాయన చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, ఆయనకన్నా చిన్నపాటి మనిషి బ్రెండా బిగ్లాండ్ ఏ ఆయాసమూ లేకుండా ఆపేసింది. రాయల్ సొసైటీ సభలో పెద్దలు నవ్వుకున్నారట.

చవగ్గా వచ్చిన బలానికి వడ్డీ మర్నాడు కడతాం. కొద్ది పోగుల మీద ఎక్కువ లాగుడు పడటంతో అలవాటులేని కండరంలో అతిసూక్ష్మమైన చిరుగులు పడతాయి. చాలా మెట్లు దిగినవాళ్ల కాళ్ల కండరం నుంచి ముక్క తీసి స్వీడన్‌లో యాన్ ఫ్రిడెన్ 1981లో మైక్రోస్కోపు కింద చూపించాడు. నొప్పి మాత్రం ఆ చిరుగులదేనని తేల్చి చెప్పడం కష్టం. దెబ్బతిన్న చోట వచ్చే వాపు, నరాలను సున్నితం చేసే రసాయనాలు, కండరాన్ని చుట్టి ఉండే పొర, అన్నీ కలిసి పనిచేస్తాయి. కండరం లోపలికన్నా ఆ పొరలోనే నొప్పి ఎక్కువని 2015లో ఒక ప్రయోగం చెప్పింది. అది జరిగింది హారిస్‌డేల్ నుంచి ఫ్రీవే ఎక్కి నగరం దాటి ఉత్తరంగా పోతే వచ్చే జూండలప్‌లో, ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయంలో.

తిరుమల నడకకు వెళ్లొచ్చినవాళ్ల మాట ఇక్కడ చెప్పుకోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అన్ని మెట్లు ఎక్కినా గుండె దడదడలాడిన దానికీ, చెమటకీ తగినంత నొప్పి మూడో రోజు రాదు. కారణం మనవాళ్లు చాలామంది దిగేది బస్సులో. మొక్కు తీరాక మెట్ల మీదుగానే దిగి చూడండి, తేడా తెలుస్తుంది. బళ్లో లెక్కలు తప్పినందుకు తీసిన గుంజీల నొప్పీ ఇదే జాతి. లేచేటప్పటికన్నా కూర్చునేటప్పుడే తొడలు ఎక్కువ దెబ్బతింటాయి.

జూండలప్‌లో ఒక ప్రొఫెసర్

ఈ 'దిగుడు' కసరత్తు మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న కెన్ నొసాకా 2004 నుంచి ఎడిత్ కోవన్‌లోనే ఉన్నారు. అంతకుముందు జపాన్‌లో, యోకొహామాలో. ఆయన పేరున్న పరిశోధనల్లో కొన్ని వింటే నమ్మబుద్ధి కాదు.

ఒకసారి గట్టిగా సాగదీసి నొప్పి తెచ్చుకున్న కండరం రెండోసారి అదే పనికి అంత నొచ్చుకోదు. ఇది చాలామందికి అనుభవమే. వరి నాట్లకు వంగిన మొదటి రెండు మూడు రోజులు నడుమూ తొడ వెనకా పట్టేసి, వారం తిరిగేసరికి మామూలైపోవడం పల్లెల్లో ఎవరికి తెలియదు? నొసాకా బృందం అడిగిన ప్రశ్న వేరు: ఆ రక్షణ ఎన్నాళ్లు ఉంటుంది? 2001లో వాళ్లకు దొరికిన జవాబు, మధ్యలో ఏ వ్యాయామమూ చేయకపోయినా కనీసం ఆరు నెలలు. తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఎక్కడో చెరిగిపోయింది. ఏడాదికోసారి మాత్రమే ట్రెక్కింగ్‌కు పోయేవాళ్లు ప్రతిసారీ కొత్తగా కుంటడం అందుకే. ఇంకో వింత, కుడి చేతికి ఆ కసరత్తు చేయిస్తే తర్వాత ఎడమ చేతికీ కొంత రక్షణ వస్తుంది. అంటే ఈ అలవాటులో కండరంతో పాటు నరాల వ్యవస్థకూ వాటా ఉంది.

జిమ్‌లో గొప్పగా చెప్పుకునే మరో మాట, "నొప్పి లేకపోతే పని జరగనట్టే" అన్నది. 2002లో నొసాకా, ఎడిత్ కోవన్‌లోని న్యూటన్, సాకో కలిసి దీన్ని సూటిగా పరీక్షించారు. బలం ఎంత తగ్గింది, వాపు ఎంత, రక్తంలో కండరపు ఎంజైము ఎంత పెరిగింది అన్న కొలతలకూ, మనిషి చెప్పే నొప్పికీ పెద్దగా పొంతన కుదరలేదు. పెద్దగా దెబ్బతినని కండరం కేకలు పెట్టించవచ్చు, బాగా దెబ్బతిన్నది ఊరుకోవచ్చు. నొప్పిని మార్కుల పట్టీ చేసుకునే ట్రైనర్ మాట నమ్మి మంగళవారం కుంటుతూ మళ్లీ తొడల వ్యాయామానికే వెళ్లడం నా దృష్టిలో ఉత్త మొండితనం.

నాకు అన్నిటికన్నా నచ్చింది తైవాన్ ప్రయోగం. ఊబకాయం ఉన్న ముప్పై మంది పెద్దవయసు ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు మెట్లు ఎక్కి లిఫ్టులో దిగాలి, రెండో జట్టు లిఫ్టులో ఎక్కి మెట్లు దిగాలి. పన్నెండు వారాలు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ. 2017లో వచ్చిన ఫలితంలో గుండె వేగం, రక్తపోటు, ఎముకల సాంద్రత, ఒంటి నిలకడ, ఇన్సులిన్ పనితీరు, అన్నింట్లోనూ దిగిన జట్టుదే పైచేయి. ఆయాసపడింది మాత్రం ఎక్కిన జట్టు! మెల్లిగా మొదలుపెట్టడం వల్ల దిగినవాళ్లను నొప్పి పెద్దగా బాధించనూ లేదు. మోకీళ్ల అరుగుదల ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని అనుకరించకండి. పిల్లల దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చి రోజూ పార్కు చుట్టూ తిరిగే మిగతా అమ్మానాన్నలు మాత్రం, కుర్చీలో దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోవడంతోనే ఈ కసరత్తు మొదలుపెట్టవచ్చు.

2022లో వచ్చిన మరో ప్రయోగంలో జపాన్ నిగాతా విద్యార్థులు రోజుకు మూడంటే మూడు సెకన్లు, బలమంతా పెట్టి బరువును ఆపుతూ మోచెయ్యి దించారు. వారానికి అయిదు రోజులు, నాలుగు వారాలు. చేతి బలం పది శాతం పైగా పెరిగింది. తీరిక లేదనేవాళ్లకు ఇక సాకు దొరకడం కష్టమే.

వైద్యాల సంగతి

స్ట్రెచింగ్: నార్వే, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి ఇంటర్నెట్ ద్వారా 2,377 మందిని చేర్చుకుని చేసిన ప్రయోగం 2010లో వెలువడింది. చిన్న ప్రయోగాలన్నీ కలిపి సమీక్షిస్తే, వందకు కొలిచిన నొప్పిలో స్ట్రెచింగ్ తగ్గించేది సగటున సుమారు ఒక పాయింటే. ఆ పెద్ద ప్రయోగంలోనే నాలుగు పాయింట్లు. చేస్తే హాయిగా ఉంటుందా, చేసుకోండి. నొప్పి పోతుందని మాత్రం కాదు.

మసాజ్: ఇది నిజంగానే కొంత తగ్గిస్తుంది. కానీ "లోపలి యాసిడ్ పిండేస్తుంది" అని మసాజ్ పార్లర్లో చెబితే వినకండి. కెనడా క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 2010లో కొలిచి చూస్తే, మసాజ్ నొక్కుడుకు రక్తప్రవాహం అడ్డుపడి లాక్టిక్ ఆమ్లం బయటికి పోవడం ఇంకా నెమ్మదించింది. మంచి వైద్యానికి చెడ్డ కారణం అతికించారన్నమాట.

ఐస్ బాత్‌ది వేరే కథ. నొప్పి మీద కొంత పనిచేస్తుంది. అయితే 2015లో క్వీన్స్‌లాండ్‌లో చేసిన ప్రయోగంలో, బరువులు ఎత్తాక ప్రతిసారీ పది డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చున్న కుర్రాళ్లకు పన్నెండు వారాల తర్వాత కండా బలమూ తక్కువే పెరిగాయి. వాపు కూడా మరమ్మతులో భాగమే, దాన్ని పూర్తిగా ఆర్పేస్తే మరమ్మతూ మందగిస్తుంది. రేపే ఇంకో మ్యాచ్ ఉన్న క్రికెటర్‌కు ఐసు పనికొస్తుంది, కండ పెంచుకునేవాడికి కాదు. నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్లకూ ఇదే హెచ్చరిక. కరోలిన్‌స్కా సంస్థలో 2017లో, రోజుకు 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఎనిమిది వారాలు వాడిన యువతీయువకుల కండరాలు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడినవాళ్ల కన్నా తక్కువ పెరిగాయి.

అలసట నాలుక మీదా, తలలోనూ

గంట సేపు గట్టిగా సైకిల్ తొక్కేవాళ్లు పిండిపదార్థం కలిపిన నీళ్లను నోట్లో పుక్కిలించి ఉమ్మేశారు. ఒక్క చుక్క మింగలేదు. అయినా దాదాపు మూడు శాతం వేగం పెరిగింది. బర్మింగ్‌హామ్‌లో 2004 నాటి మాట. అదే జట్టు గ్లూకోజును నేరుగా నరంలోకి ఎక్కించి చూస్తే ఏ లాభమూ కనపడలేదు. ఇంధనం వస్తోందని నాలుక చెబితే చాలు, మెదడు పగ్గాలు కాస్త వదులుతుంది.

దీనికి రెండో వైపు 2009లో వేల్స్‌లో సామ్యుయెలె మార్కోరా చూపించాడు. తొంభై నిమిషాలు బుర్ర వేడెక్కే పని చేశాక సైకిలెక్కినవాళ్లు సగటున 640 సెకన్లకే చేతులెత్తేశారు. అంతసేపూ ఊరికే డాక్యుమెంటరీ చూసినవాళ్లు 754 సెకన్లు నిలబడ్డారు. గుండె, కండరాలు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉన్నాయి. పొద్దంతా కోడ్ రాసి, సాయంత్రం మీటింగ్ ముగించుకుని జిమ్‌కు పోయి "ఈ మధ్య స్టామినా పోయింది" అనుకునేవాళ్లు ఆ లెక్క చూసుకోవచ్చు.

పిక్క పట్టేసినప్పుడు ఉప్పూ నీళ్లూ తక్కువై పట్టిందంటాం. అమెరికాలో కెవిన్ మిల్లర్ 2010లో ఊరగాయ నీళ్లు తాగించి చూస్తే, మామూలు నీళ్ల కన్నా మూడోవంతు పైగా త్వరగా పట్టు వదిలింది. ఆ కొద్ది సేపట్లో ఆ ఉప్పు రక్తంలోకి చేరనే చేరదు. గొంతులో తగిలిన పులుపుకు నరాలు స్పందించి ఉంటాయని ఆయన అనుమానం. ఆవకాయ వాళ్లు తొందరపడకండి, అక్కడ వాడింది నూనె లేని దోసకాయ వెనిగర్ నీళ్లు.

అన్ని నొప్పులూ మామూలు నొప్పులే అనుకోవడం

అపోహల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే. చాలాకాలం తర్వాత ఒక్కసారిగా, ఎండలో, పోటీపడి, శక్తికి మించి చేసినప్పుడు కొందరి కండరాలు చిరిగి లోపలి పదార్థం రక్తంలోకి కారిపోతుంది. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మామూలు నొప్పి మూడో రోజు దాటాక తగ్గుముఖం పడుతుంది. ఇది తగ్గదు. చెయ్యో కాలో గట్టిగా ఉబ్బుతుంది, బలం బాగా పడిపోతుంది, మూత్రం డికాక్షన్ రంగులోకో కోలా రంగులోకో మారుతుంది. ఆ రంగు కనిపిస్తే మూడో రోజు కోసం ఎదురుచూడకూడదు, మాత్ర వేసుకుని పడుకోకూడదు. హారిస్‌డేల్ వాళ్లకు ఒకవైపు ఆర్మడేల్ ఆసుపత్రి, ఇంకోవైపు మర్డాక్‌లో ఫియోనా స్టాన్లీ ఆసుపత్రి ఉన్నాయి. ఎమర్జెన్సీలో మొదటి మాటగానే ఏ వ్యాయామం చేశారో, ఎప్పుడు చేశారో చెప్పండి. కొలెస్టరాల్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ ఎంతుందో పరీక్షించి, అవసరమైతే సెలైన్ ఎక్కిస్తారు.